హైకూ పూర్వోత్తరాలు

మన సావనీరులో చరిత్ర వ్యాసం అనగానే రాజులూ, కోటలూ, యుద్ధాలూ అని పాఠకులు అనుకోవడం సహజం. ఈసారి మేము ఒక చిన్న పద్యం చరిత్ర రాయదలచుకున్నాము. దాని పేరు హైకూ, పుట్టిల్లు జపాను. ఒక్క ఊపిరిలో చదవడం అయిపోతుంది. దాని వెనక మాత్రం కొన్ని వందల ఏళ్ల కథ ఉంది. ఆ కథలో నవ్వులాటలున్నాయి, పసిపిల్లల చావులున్నాయి, పోలీసు జైళ్లు కూడా ఉన్నాయి.

ఈ విషయమే ఎందుకు ఎంచుకున్నామంటే, మన కుటుంబాల పిల్లలు చాలామంది కాలేజీ మ్యాగజైన్లకు హైకూలు రాస్తున్నారు. సంతోషించవలసిన సంగతే. అయితే హైకూ అంటే ఏమిటి బాబూ అని అడిగితే, "మొదటి పాదంలో 5 అక్షరాలు, రెండో పాదంలో 7, మూడో పాదంలో 5, మొత్తం 17, అంతేనండీ" అంటారు. ఇల్లంటే నాలుగు గోడలు అన్నట్లుగా ఉంది ఈ జవాబు. పోనీ ఆ గోడల కొలతలైనా సరిగ్గా ఉన్నాయా అంటే, అవీ లేవు.

జపాను వారు లెక్కపెట్టేది మన అక్షరాలను కాదు. వారి లెక్కకు 'ఓన్' అని పేరు. మన ఛందస్సులో మాత్ర అంటామే, అది దీనికి చాలా దగ్గర. టోక్యో అని మనం రాస్తే రెండక్షరాలు. వారి లెక్కలో టొ, ఒ, క్యొ, ఒ అని నాలుగు. నిప్పోన్ అన్నది ని, ప్, పొ, న్ అని మళ్లీ నాలుగే. పొల్లు హల్లుకు ఒకటి, సాగదీసిన అచ్చుకు అదనంగా ఇంకొకటి వేస్తారన్న మాట. కాబట్టి వారి 17లో గుప్పెడు మాటలకు మించి పట్టవు. మన 17 అక్షరాల్లో దీర్ఘాలూ, ఒత్తులూ కలిసి అంతకంటే చాలా బరువు ఎక్కుతుంది. ఇంకొక సంగతి. జపానులో హైకూను మామూలుగా పైనుంచి కిందికి ఒకే వరుసగా రాస్తారు. మూడు పంక్తులుగా విరిచే అలవాటు మనకు ఎక్కువగా ఇంగ్లీషు అనువాదాల నుంచి వచ్చింది. ఇంత మాత్రం చేత మూడు పంక్తులు తప్పని మేము అనడం లేదు. అసలు సంగతి ఆ లెక్కలో లేదనే అంటున్నాము. అది ఎక్కడుందో తెలియాలంటే హైకూ ఎలా పుట్టిందో తెలియాలి.

హైకూ మొదట విడి పద్యం కాదు. నలుగురు కూర్చుని చెప్పుకునే గొలుసు పద్యానికి మొదటి కొక్కెం అది. ఆ గొలుసు పద్యాన్ని 'రెంగా' అనేవారు. ఒకరు 5, 7, 5గా పద్యం చెబుతారు. పక్కవారు దానికి 7, 7గా రెండు పాదాలు తగిలిస్తారు. మూడో మనిషి ఆ రెండు పాదాలకు మళ్లీ 5, 7, 5 కలుపుతాడు. ఇలా 100 పద్యాల దాకా సాగేది. మన ముషాయిరాలో తరహ్ మిస్రా ఇస్తే ఎవరి గజల్ వారు చెప్పుకొస్తారు. మన అవధానంలో సమస్య ఇస్తే అవధాని ఒక్కడే పూరిస్తాడు. రెంగా ఈ రెండింటికీ భిన్నం. ఇందులో ప్రతి పద్యమూ తన ముందున్న పద్యంతో మాత్రమే కలవాలి, దాని ముందుదానితో కలవకూడదు. కథ సాగకూడదు. వసంతంలో మొదలైన మాట మూడు నాలుగు చేతులు మారేసరికి చలికాలపు దారిలో తేలుతుంది. సోగి అనే ఆచార్యుడు 1488లో ఇద్దరు శిష్యులతో కలిసి మినసే అనే చోట చెప్పిన నూరు పద్యాల గొలుసును ఈ విద్యకు తలమానికంగా నేటికీ చెప్పుకుంటారు.

ఆ గొలుసులో మొదటి పద్యానికి 'హొక్కు' అని పేరు. దాన్ని సాధారణంగా సభకు వచ్చిన ముఖ్య అతిథి చెప్పేవాడు. అప్పుడు నడుస్తున్న రుతువు ఏదో అందులో తెలియాలి. ఆ చోటికీ, ఆ పూటకీ తగినట్లుండాలి. తనంతట తాను నిలబడగలగాలి, అయినా తలుపు ఓరగా తెరిచి ఉంచాలి. ఎందుకంటే ఇంటి యజమాని దాని వెంటనే రెండు పాదాలు చెప్పి అందుకోవాలి గదా! మొదటివాడే అంతా చెప్పేస్తే రెండోవాడికి చేయడానికి పనేముంది? హైకూ అంతా చెప్పదు, సగం చెప్పి ఆగుతుంది అని విమర్శకులు ఎంతో గంభీరంగా రాస్తారు. దాని మూలం ఈ సభామర్యాదలో ఉందని మా అభిప్రాయం. అతిథి అన్నవాడు విస్తరి అంతా తానే ఆక్రమించుకోడు.

రాను రాను రెంగా నియమాలు బిగుసుకుపోయి దర్బారు విద్య అయిపోయింది. 16వ శతాబ్దంలో దానికి పోటీగా 'హైకై' అనే హాస్యపు గొలుసు వచ్చింది. వర్తకులూ, చిన్న ఉద్యోగస్తులూ వాడుక మాటలతో, మాటల విరుపులతో చెప్పుకునే సరదా అది. ఈ సరదా ఎంత దూరం పోయిందంటే, ఇహరా సైకాకు అనే కవి 1684లో సుమియోషి దేవాలయం దగ్గర ఒక్క పగలూ రాత్రీ కూర్చుని 23,500 పద్యాలు చెప్పాడు. లెక్క వేస్తే నిమిషానికి 16కు పైగా! రాసుకునేవాళ్లు అందుకోలేకపోయారని చెబుతారు. ఆశ్చర్యం లేదు. ఆయన కథల వైపు కూడా మళ్లి గొప్ప వచన రచయిత అయ్యాడు.

అదే కాలంలో, అదే హాస్యపు బడిలో చదువుకున్న మరొక మనిషి వేరే దారి పట్టాడు. ఆయనే బషో. 1644లో ఇగా రాష్ట్రంలో, పెద్ద హోదా లేని కుటుంబంలో పుట్టాడు. కుర్రవాడుగా ఉన్నప్పుడు తనకంటే రెండేళ్లు పెద్దవాడైన ఒక దొర కుమారుడి దగ్గర కొలువు చేశాడు. ఇద్దరూ కలిసి హైకై నేర్చుకున్నారు. ఆ చినదొర 1666లో పాతికేళ్లకే చనిపోయాడు. బషో కొలువు వదిలి కొన్నాళ్లకు ఎదో నగరం చేరాడు, అంటే నేటి టోక్యో. బతుకు తెరువు కోసం కొన్నేళ్లు నగరానికి నీరు తెచ్చే కాలువ పనుల్లో ఉద్యోగం కూడా చేశాడు. హైకై గురువుగా పేరు వచ్చింది. ఆ రోజుల్లో గురువులు శిష్యుల పద్యాలకు మార్కులు వేసి రుసుం పుచ్చుకునేవారు, అదే వారికి జీవనం. బషో 1680లో ఆ దుకాణం కట్టిపెట్టి, నది అవతల ఫుకగవా అనే చోట గుడిసెలోకి మారిపోయాడు. ఒక శిష్యుడు అక్కడ అరటి పిలక నాటాడు. జపాను చలికి ఆ అరటి పండ్లు కాయదు, గాలికి ఆకులు చీరికలవుతూ ఉంటుంది. ఆయనకు ఆ చెట్టు ఎంత నచ్చిందంటే దాని పేరే తన పేరు చేసుకున్నాడు. జపాను భాషలో బషో అంటే అరటి.

బషో కప్ప పద్యం గురించి వినని వారు తక్కువ. 1686 నాటిది. పద్యాన్ని ఇక్కడ ఎత్తి రాయడం మా ఉద్దేశం కాదు, అది పుట్టిన తీరు చెబుతాము. అంతకు ముందు వందల ఏళ్లుగా జపాను కవులు కప్ప అనగానే దాని పాటను పొగిడేవారు. కప్ప కూయాలి, పక్కన కొండవాగూ పసుపుపచ్చని యమబుకి పూలూ ఉండాలి. అది ఆచారం. బషోకు ముందు కప్ప నీళ్లలో దూకిన చప్పుడు మాత్రమే తట్టిందట. మొదటి పాదం ఏం పెడదాం అని శిష్యులు కూర్చున్న చోట ఆలోచిస్తుంటే, కికాకు అనే శిష్యుడు యమబుకి పూలు పెట్టమన్నాడు. అందంగా ఉంటుంది గదా! బషో ఒప్పుకోలేదు. పాత చెరువు అని మాత్రమే పెట్టాడు. ఈ ముచ్చట షికో అనే మరో శిష్యుడు 1692 నాటి పుస్తకంలో రాసిపెట్టాడు. అందమైన మాట చేతికి అందినా వద్దని పక్కన పెట్టి, కళ్ల ముందున్న మామూలు మాట తీసుకోవడం: రాయదలచిన పిల్లలు ఈ ఒక్కటి గుర్తు పెట్టుకుంటే అక్షరాలు లెక్కపెట్టడం కంటే పదింతలు మేలు.

1689లో బషో సోరా అనే శిష్యుణ్ని వెంటబెట్టుకుని ఉత్తరాది దారులు పట్టాడు. దాదాపు అయిదు నెలలు, సుమారు 2,400 కిలోమీటర్లు, ఎక్కువ భాగం కాలినడక. ఆ యాత్రను వచనం, పద్యం కలిపి పుస్తకంగా రాశాడు. అది 'ఓకు నో హొసొమిచి', ఉత్తరపు లోతట్టుకు పోయే సన్నదారి అన్నట్లు అర్థం. రాయడానికి అయిదు నెలలు సరిపోలేదు, అయిదేళ్లు దిద్దాడు. 1694లో ఆయన ఒసాకాలో కన్ను మూశాక 1702లో అది అచ్చయింది. దారిలో సోరా రాసుకున్న డైరీ 1943లో వెలుగులోకి వచ్చింది. దానితో పోల్చి చూస్తే బషో తేదీలు మార్చాడు, సంఘటనలు అటూ ఇటూ చేశాడు, ఒక గుడి కొండ మీద కీచురాళ్ల రొద గురించి చెప్పిన పద్యాన్ని పలుమార్లు తిరగరాశాడు అని తేలింది. హైకూ అంటే చూసిన క్షణంలో పుట్టి, పుట్టిన క్షణంలోనే అయిపోయేది అనేవారు ఈ డైరీని గుర్తుంచుకోవాలి. క్షణం చూపుది. రాత మాత్రం ఏళ్ల తరబడి పని.

బషో తరువాత బుసోన్ (1716-1784) వచ్చాడు. చిత్రకారుడు, రంగులు తెలిసినవాడు. ఆయన సంగతి ఇంతటితో వదిలి ఇస్సా దగ్గర కాస్త ఆగుతాము, ఎందుకంటే ఇస్సా మన ఇళ్లలో మనిషిలాంటివాడు.

ఇస్సా 1763లో షినానో కొండల్లో కషివబరా అనే పల్లెలో రైతు ఇంట పుట్టాడు. మూడో ఏట తల్లి పోయింది. సవతి తల్లి వచ్చింది, పొసగలేదు. పెంచిన నాయనమ్మ కూడా పోయాక, 15వ ఏట తండ్రి ఆ కుర్రవాణ్ని పని చూసుకోమని ఎదోకు పంపేశాడు. 1801లో తండ్రి జబ్బు పడితే వచ్చి చివరి దాకా సేవ చేశాడు, ఆ రోజుల దినచర్య రాసి ఉంచాడు. ఆస్తిలో సగం ఇస్సాకు రావాలని తండ్రి చెప్పి పోయాడు. సవతి తల్లీ, సవతి తమ్ముడూ ఇవ్వమన్నారు. ఆ తగాదా తెగడానికి 12 ఏళ్లు పట్టింది. చివరికి ఇంటిని నిలువునా రెండుగా చేసి పంచుకున్నారు. ఇటువంటి పంపకాలు మనకు కొత్తగావు, పాఠకులు ఎవరి వీధిలో వారు చూసే ఉంటారు.

యాభై దాటాక 1814లో ఇస్సాకు పెళ్లయింది. భార్య పేరు కికు. నలుగురు పిల్లలు పుట్టారు, నలుగురూ పసితనంలోనే పోయారు. వారిలో సాతో అనే ఆడపిల్ల ఏడాది దాటి, నవ్వడం, చప్పట్లు కొట్టడం నేర్చింది. 1819లో మశూచికంతో చనిపోయింది. ఆ ఏడాది సంగతులన్నీ కలిపి ఇస్సా రాసిన పుస్తకం 'ఒరగా హరు'. లోకం మంచుబిందువు వంటిది, నిలవదు అని ఆయన నమ్మిన బౌద్ధం చెబుతుంది. బిడ్డ పోయిన నాటి పద్యంలో ఆయన ఆ మాట ఒప్పుకుంటాడు. ఒప్పుకుని, కాదనలేక, అవుననీ అనలేక సగం మాటలో ఆగిపోతాడు. ఆ ఆగిన చోట ఏముందో పిల్లల్ని పోగొట్టుకున్న వారెవరికీ వివరించి చెప్పనక్కర్లేదు. గొలుసు పద్యంలో రెండోవాడి కోసం వదిలిన ఆ ఖాళీ ఇక్కడ దుఃఖానికి చోటు అయింది.

1823లో కికు కూడా పోయింది. 1827లో ఊరు తగలబడితే ఇస్సా ఇల్లు కాలిపోయింది. మిగిలింది కిటికీలు సరిగ్గా లేని మట్టిగోడల కొట్టు గది. మూడో భార్యతో అందులో తలదాచుకుని ఆ చలికాలంలోనే కాలం చేశాడు. ఆ కొట్టు గదిని నేటికీ భద్రంగా ఉంచారు. ఆయన పోయాక పుట్టిన కూతురు యాతా మాత్రం బతికి బట్టకట్టింది. ఇస్సా మొత్తం సుమారు 20,000 పద్యాలు రాశాడు. వాటిలో ఈగలూ, పిచ్చుకలూ, కప్పలూ, నత్తలూ లెక్కలేనన్ని. చాలామంది చదివి ముద్దుగా ఉన్నాయంటారు. ముద్దుగానే ఉంటాయి. ఆ మనిషి బతుకు తెలిశాక చదివితే ఆ పిచ్చుక వేరేగా కనబడుతుంది.

ఇప్పటి దాకా మేము హైకూ అంటూ వచ్చాము గాని ఆ పేరు స్థిరపడింది 19వ శతాబ్దం చివరనే. ఆ పని చేసినవాడు మసఓకా షికి. 1867లో మత్సుయామాలో పుట్టాడు. 1889లో నోట రక్తం పడింది, క్షయ అని తేలింది. జపానులో ఒక జాతి కోకిల నెత్తురు కక్కుకునే దాకా కూస్తుందని నమ్మిక. ఆ పిట్ట పేరే షికి, అదే తన కలం పేరుగా పెట్టుకున్నాడు. 1892 నుంచి 'నిప్పోన్' పత్రికలో వ్యాసాలు రాస్తూ గొలుసును తెంచేశాడు. మొదటి పద్యం ఒక్కటే సాహిత్యం, మిగతా గొలుసు సాహిత్యం కాదు పొమ్మన్నాడు. బషోను దేవుణ్ని చేసి గుళ్లు కట్టి పూజిస్తున్న కాలంలో, బషో పద్యాల్లో సగానికి పైగా పేలవమైనవని రాశాడు. మరచిపోయిన బుసోన్‌ను పైకి తెచ్చాడు. చిత్రకారుల నుంచి 'షసేయ్' అనే మాట తీసుకున్నాడు. అంటే ఎదుట ఉన్నదాన్ని ఉన్నట్లు గీయడం. ముప్పై ఏళ్ల కుర్రవాడు ఇంత గొడవ చేశాడు.

చివరి సంవత్సరాలు క్షయ వెన్నెముకకు పాకి మంచానికి అతుక్కుపోయాడు. తల్లీ, చెల్లెలూ సేవ చేశారు. కిటికీ బయట పందిరి మీద హెచిమా పాదు ఉండేది. హెచిమా అంటే మన నేతిబీర. ఆ తీగ నుంచి కారే నీటిని కఫానికి మందుగా వాడేవారు. 1902 సెప్టెంబరు 18న పడుకునే కుంచె పట్టుకుని, ఆ నేతిబీర మీద మూడు పద్యాలు రాశాడు. మర్నాడు తెల్లవారుజామున చనిపోయాడు. వయసు 34. సెప్టెంబరు 19ని జపానులో నేటికీ నేతిబీర దినం అంటారు. నేతిబీరలో నెయ్యి ఎంతో అని మనం వేళాకోళం చేసే కాయ పక్క దేశంలో ఒక కవి తద్దినానికి పేరయింది!

షికి గొలుసు తెంచినందువల్ల లాభం జరిగిందా నష్టం జరిగిందా? మా ఉద్దేశంలో రెండూ జరిగాయి. పద్యానికి స్వతంత్రం వచ్చింది. పక్కన కూర్చుని అందుకునే మనిషి పోయాడు. ఆ మనిషి చోటు పాఠకుడు తీసుకోవాలి. పాఠకుడు తీసుకోకపోతే హైకూ ఉత్త తునక.

షికి శిష్యుడు కియోషి 'హొతొతొగిసు' పత్రికతో అర్ధ శతాబ్దం హైకూ లోకాన్ని ఏలాడు. ఆయన పత్రికలో పద్యం పడితే కవి, పడకపోతే కాదు. సుగితా హిసజో అనే గొప్ప కవయిత్రిని 1936లో, కారణం చెప్పకుండా, పత్రిక సభ్యత్వం నుంచి తీసేశాడు. ఆమె 1946లో ఆసుపత్రిలో చనిపోయింది. బతికి ఉండగా తన పుస్తకం చూసుకోలేదు, 1952లో అచ్చయింది. ఏ సంఘమైనా ఒక్కరి చేతిలో పడితే జరిగేది ఇదే.

అంతకంటే ఘోరం ప్రభుత్వం చేసింది. రుతువు మాట తప్పనిసరి కాదు, ఫ్యాక్టరీ గురించీ, యుద్ధం గురించీ కూడా హైకూ రాయవచ్చు అన్న యువకులు 'క్యోడాయ్ హైకూ' అనే పత్రిక చుట్టూ చేరారు. 1940 ఫిబ్రవరిలో రహస్య పోలీసులు వారిని శాంతిభద్రతల చట్టం కింద పట్టుకోవడం మొదలుపెట్టారు. పత్రిక మూతపడింది. 1943 దాకా వేర్వేరు పత్రికల నుంచి మొత్తం 40 మందికి పైగా కవులను అరెస్టు చేశారు. 17 మాత్రల పద్యం చూసి సామ్రాజ్యం భయపడింది. ఆ కవుల గుర్తుగా ఉయెదా పట్టణంలో 2018 ఫిబ్రవరిలో ఒక శిలాఫలకం నిలబెట్టారు.

యుద్ధం అయిపోయాక 1946లో కువబరా తకెవొ అనే ప్రొఫెసరు ఒక పరీక్ష పెట్టాడు. పేరుమోసిన వారి హైకూలు 10, ఊరూ పేరూ లేని వారివి 5 కలిపి, రాసినవారి పేర్లు తీసేసి, ఏవి ఎవరివో చెప్పండి అన్నాడు. చదువుకున్నవారు కూడా తేల్చలేకపోయారు. కాబట్టి హైకూ రెండో తరగతి కళ అని తీర్పు చెప్పాడు. జపానులో పెద్ద దుమారం లేచింది. ఆయన పరీక్ష మంచిదే గాని తీర్పు మాకు నచ్చలేదు. మామూలు మనిషి కూడా ఒక్కోసారి ఆచార్యుడితో సమానంగా చెప్పగలిగితే అది పద్యానికి లోపం ఎలా అవుతుంది?

ఇక మన దేశం సంగతి. 1916లో రవీంద్రుడు జపాను వెళ్లాడు, అక్కడి ముచ్చట్లు 'జపాన్ జాత్రి'లో (1919) రాస్తూ బషో పద్యాలు బెంగాలీలోకి తెచ్చాడు. అదే 1916లో సుబ్రహ్మణ్య భారతి 'స్వదేశమిత్రన్'లో జపాను కవిత గురించి తమిళులకు చెప్పాడు. ఢిల్లీలో వెలువడే ఉర్దూ పత్రిక 'సాఖీ' 1936లో జపాను ప్రత్యేక సంచిక తెచ్చింది.

తెలుగులో హైకూ గట్టిగా పాదుకున్నది 1990లలో. గాలి నాసరరెడ్డి, పెన్నా శివరామకృష్ణ మొదలైనవారు రాశారు. వారిలో మన పిల్లలు తప్పక చదవవలసినవారు ఇస్మాయిల్ గారు (1928-2003). కాకినాడ పి.ఆర్. కాలేజీలో ఫిలాసఫీ చెప్పేవారు. 'చెట్టు నా ఆదర్శం' 1972లో వచ్చింది. నినాదాలు ఊరేగుతున్న రోజుల్లో ఆయన కవిత్వంలో నిశ్శబ్దం కావాలన్నారు, ఆ పేరుతోనే వ్యాసాల పుస్తకం వేశారు. ఆయన హైకూల పుస్తకం పేరు 'కప్పల నిశ్శబ్దం'. బషో కప్పను తలుచుకునేవారికి ఆ పేరులోనే చమత్కారం తెలుస్తుంది. ఆయన అక్షరాల లెక్కకు కట్టుబడలేదు. హైకూ ఆయన దగ్గరికి జపాను నుంచి వచ్చిందనడం కన్నా, ఆయన అప్పటికే నడుస్తున్న దారిలో ఎదురయిందనడం సబబు.

తెలుగులో మినీ కవిత ఉంది, 1997 నుంచి గోపి గారి నానీలు ఉన్నాయి. పొట్టిగా ఉన్నవన్నీ హైకూలు కావు. మినీ కవిత చివర్లో చురక వేస్తుంది, చప్పట్లు కొట్టిస్తుంది. జపానులోనే మనుషుల మీద వ్యంగ్యంగా చెప్పే పొట్టి పద్యానికి 'సెన్ర్యూ' అని వేరే పేరుంది, లెక్క మాత్రం అదే 17. మన పత్రికల్లో హైకూ పేరుతో వచ్చేవి చాలా మటుకు సెన్ర్యూలే. అందులో చిన్నతనం ఏమీ లేదు. పేరు తెలిసి రాస్తే సరి.

రాయాలనుకునేవారికి మొదటి చిక్కు రుతువు మాట. జపానులో రుతువుల మాటలకు 'సైజికి' అనే నిఘంటువులే ఉన్నాయి. చంద్రుడు అని ఊరికే అంటే వారికి శరత్కాలపు చంద్రుడే. కప్ప అంటే వసంతం. ఒక్క మాటతో కాలమంతా వచ్చి కూర్చుంటుంది. మనకు అటువంటివి లేవనుకోవడం పొరపాటు. 27 కార్తెలున్నాయి గదా! రోహిణి అంటే రోళ్లు పగిలే ఎండ. మృగశిర అంటే తొలకరి, చేపల బజారు. ఆరుద్ర అంటే ఎర్రని మఖమలు పురుగు. మన రైతులు నోటితో మోసుకొచ్చిన సైజికి ఇది. ఇక రంజాను నెలవంకను రుతువు మాటగా వాడవచ్చునా అంటే, కుదరదు. మన హిజ్రీ సంవత్సరం ఏటా 11 రోజులు ముందుకు జరుగుతుంది, సుమారు 33 ఏళ్లలో రంజాను అన్ని రుతువులూ చుట్టి వస్తుంది. ఇఫ్తారు సర్బత్ మే నెలలోదా, జనవరిలోదా అన్నది పక్కనున్న మాట చెప్పాలి. జపాను వారికీ ఇటువంటి ఇబ్బందే వచ్చింది. 1873లో వారు చాంద్రమానం వదిలి ఇంగ్లీషు క్యాలెండరుకు మారారు. తనబతా పండుగ పాత లెక్కలో శరత్తు, కొత్త లెక్కలో జూలై 7, నడి వానాకాలం. నిఘంటువు మాత్రం ఇప్పటికీ శరత్తు అనే చెబుతుంది!

రెండో చిక్కు కోత. జపాను పద్యంలో మధ్యలోనో చివరనో ఒక 'కిరెజి' ఉంటుంది, కత్తిరించే మాట అని అర్థం. దానికి ఒక వైపు ఒక దృశ్యం, మరో వైపు ఇంకొకటి. రెంటికీ సంబంధం కవి చెప్పడు. మనకు ఆ మాట లేదు, ఒక అడ్డగీత చాలు. ఉదాహరణకు ఒక విద్యార్థి ఇలా రాశాడనుకుందాం:

ఒంటరి అవ్వ
కన్నీళ్ల వానలో
కరగని లోకం

ఒంటరితనం తానే చెప్పాడు, కన్నీళ్లు తానే కార్చాడు, లోకాన్ని తానే తిట్టాడు. మనకేమీ మిగల్చలేదు. అదే అవ్వ గుమ్మం దగ్గరికి వెళ్లి చూస్తే ఇలా రాయవచ్చు:

మృగశిర జల్లు -
అరుగు కింద ఒక్క జత చెప్పులు
తడుస్తున్నాయి

ఇది గొప్ప హైకూ అని మేము అనము. ఇందులో అవ్వ లేదు, ఏడుపు లేదు. ఆ చెప్పులు ఎవరివో, రెండో జత ఏమయిందో చదివేవారు చూసుకుంటారు.

చివరగా, షికి తెంచిన సభ జపానులో పూర్తిగా పోలేదు. 'కుకయ్' అనే పేరుతో నేటికీ జరుగుతుంది. మన సొసైటీ హాలులో ఒక ఆదివారం సాయంత్రం పెద్దలూ పిల్లలూ కలిసి జరుపుకోవచ్చు, ఖర్చు కాగితాలకే. పద్ధతి ఇది. ప్రతివారూ తమ హైకూలను పేరు రాయకుండా ఒక్కో చీటీ మీద ఒక్కొక్కటి రాసి ఇస్తారు. చీటీలన్నీ కలిపేసి తలా కొన్ని పంచుతారు. దస్తూరి గుర్తు పట్టకుండా, ఎవరికి వచ్చిన చీటీలను వారు వేరే కాగితం మీద ఎత్తి రాస్తారు. ఆ కాగితాలు చేతులు మారుతూ హాలంతా తిరుగుతాయి. తనవి కానివాటిలో నచ్చినవి ప్రతివారూ ఎంచుకుంటారు. తరువాత ఒకరు ఎంపికలన్నీ పైకి చదువుతారు. ఆచార్యుడి పద్యం ఎవరికీ నచ్చకపోవచ్చు, ఎనిమిదో తరగతి పిల్ల పద్యం నలుగురికి నచ్చవచ్చు. పద్యం చదవడం పూర్తయ్యాకే రాసినవారు లేచి తమ పేరు చెబుతారు.